జ్వరంతో వచ్చిన బిడ్డకు సెలైన్ వేగంగా ఎక్కించాలా? ఫీస్ట్ అధ్యయనం గురించి

పిల్లల వైద్యం మీద ఆసక్తి ఉన్న ఎవరికైనా నేను మొదట చదవమని చెప్పేది ఫీస్ట్ ట్రయల్. 2009 జనవరి నుంచి 2011 జనవరి వరకు కెన్యా, ఉగాండా, టాంజానియాలలోని ఆరు ఆసుపత్రుల్లో, వెంటిలేటర్లు గానీ పిల్లల ఐసీయూ గానీ అందుబాటులో లేని వార్డుల్లో, పిల్లల వైద్య పరిశోధకురాలు క్యాథరిన్ మెయిట్‌లాండ్ నాయకత్వంలో అది జరిగింది. తీవ్రమైన జ్వరంతో రక్తప్రసరణ మందగించి, స్పృహ తగ్గో ఊపిరాడకో వచ్చిన బిడ్డకు మొదటి గంటలో సెలైన్ వేగంగా ఎక్కిస్తే మేలు జరుగుతుందా అన్నదే దాని ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడో తెలిసిపోయిందని అప్పట్లో చాలామంది వైద్యులు భావించేవారు. షాక్‌లో, అంటే అవయవాలకు రక్తం సరిగా అందని స్థితిలో ఉన్న బిడ్డకు బోలస్ (ద్రవాన్ని కొద్దిసేపట్లో వేగంగా ఎక్కించడం) ఇవ్వాలని పాఠ్యపుస్తకాలూ మార్గదర్శకాలూ చెప్పేవి. అందుకు ఆధారంగా తరచుగా చూపించినవాటిలో ఒకటి 1991లో అమెరికాలో అచ్చయిన పరిశీలన. అందులో ఉన్నది 34 మంది పిల్లలు. వారిలో మొదటి గంటలో కిలో బరువుకు 40 మిల్లీలీటర్లకు మించి ద్రవం అందినవారు తొమ్మిదిమందే. అన్ని సదుపాయాలూ ఉన్న ఆసుపత్రిలో ఆ కొద్దిమందిని చూసి కట్టుకున్న అంచనాను, మలేరియాతో రక్తం క్షీణించి వచ్చే ఆఫ్రికా పిల్లలకు పరీక్షించకుండానే వర్తింపజేయడం నా దృష్టిలో పెద్ద సాహసమే.

ఏ బిడ్డను అధ్యయనంలో చేర్చుకోవాలో తేల్చడానికి ఖరీదైన యంత్రాలేవీ వాడలేదు. వేలి గోరును నొక్కి వదిలాక తెల్లబడిన చోటికి మళ్లీ ఎరుపు రావడానికి మూడు సెకన్లు, లేదా అంతకన్నా ఎక్కువ పడుతోందా, పాదం నుంచి మోకాలి వైపు చేత్తో తడుముతూ పోతే కింద చల్లగానూ పైన వెచ్చగానూ తగులుతోందా, మణికట్టు దగ్గర నాడి బలహీనంగా ఉందా, గుండె మరీ వేగంగా కొట్టుకుంటోందా అని చూశారు. వీటిలో ఒక్కటి ఉన్నా రక్తప్రసరణ మందగించినట్టే లెక్క. విరేచనాలతో నీరు కోల్పోయిన పిల్లలనూ, తీవ్రమైన పోషకాహార లోపం ఉన్నవారినీ చేర్చుకోలేదు. ఫలితాలను అన్వయించుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ మరచిపోకూడదు.

చేరిన పిల్లల్లో ఒక వర్గానికి సెలైన్, మరో వర్గానికి ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్ కలిపిన ద్రవం) బోలస్‌గా ఇచ్చారు. మూడో వర్గానికి బోలస్ లేకుండా, రోజువారీ అవసరానికి సరిపడే ద్రవం మాత్రమే నెమ్మదిగా అందించారు. యాంటీబయాటిక్స్, మలేరియా మందులు, ఆక్సిజన్, అవసరమైతే గ్లూకోజ్, రక్తం అందరికీ ఒకేలా అందాయి. 3,600 మందిని చేర్చుకోవాలనుకున్నా, 3,141 మంది దగ్గరే స్వతంత్ర పర్యవేక్షణ సంఘం సలహాపై చేరికలు ఆపేశారు. 48 గంటల్లో చనిపోయిన పిల్లలు ఆల్బుమిన్ వర్గంలో 10.6 శాతం, సెలైన్ వర్గంలో 10.5 శాతం కాగా, బోలస్ ఇవ్వని వర్గంలో 7.3 శాతమే. అంటే బోలస్ ఇచ్చిన ప్రతి వందమందిలోనూ సుమారు ముగ్గురు అదనంగా చనిపోయారు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది తర్వాతి విశ్లేషణలో బయటపడిన సంగతి. గంట గడిచాక చూస్తే, షాక్ లక్షణాలు తగ్గినవారు బోలస్ ఇచ్చిన వర్గాల్లోనే ఎక్కువమంది ఉన్నారు. మంచం పక్కన నిలబడి చూసే డాక్టరుకూ నర్సుకూ తల్లికీ బిడ్డ తేరుకుంటున్నట్టే కనిపిస్తుంది. ఆ తర్వాతి గంటల్లో జరిగే నష్టాన్ని గంట ముందు ఎక్కిన సీసాతో ముడిపెట్టాలని ఎవరికీ తోచదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వల్లే ఈ మరణాలు సంభవించి ఉంటాయని మొదట చాలామంది ఊహించారు గానీ, అదనపు మరణాల్లో ఎక్కువ భాగం రక్తప్రసరణ వ్యవస్థ కుప్పకూలడం వల్ల జరిగినవని తేలింది. పోల్చి చూసేందుకు మూడో వర్గం లేకపోతే ఈ నష్టం ఏ ఒక్క వైద్యుడి అనుభవానికీ అందేది కాదు.

తల్లిదండ్రుల సమ్మతిని తీసుకున్న పద్ధతిని కూడా ప్రస్తావించాలి. బిడ్డ ప్రాణాపాయంలో ఉన్నప్పుడు పేజీల కొద్దీ పత్రం చదివించి సంతకం తీసుకోవడం సాధ్యం కాదు గనుక, ముందు క్లుప్తంగా వివరించి నోటిమాటగా అంగీకారం తీసుకున్నారు. పరిస్థితి కుదుటపడ్డాక పూర్తి వివరాలు చెప్పి రాతపూర్వక సమ్మతి అడిగారు. దీనిపై ఎంతో చర్చ జరిగింది. ఆ స్థితిలో ఉన్న తల్లికి అంతకన్నా మర్యాదైన మార్గం నాకైతే తోచదు.

ఐసీయూ సదుపాయం లేనిచోట, రక్తపోటు పడిపోని బిడ్డకు బోలస్ ఇవ్వవద్దని 2020లో వెలువడిన పిల్లల సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. కాస్త జ్వరం రాగానే "ఒక సెలైన్ పెట్టండి డాక్టరుగారూ" అని అడిగే మన ఊళ్లలో ఈ సంగతి ఇంకా బాగా తెలియాలి. అలాగని డెంగీ షాక్‌లో ఉన్న బిడ్డకు సెలైన్ ఆపేయాలని కాదు. రక్తనాళాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కారిపోయే ఆ జబ్బులో ద్రవమే ప్రాణాధారం. వియత్నాంలో డెంగీ షాక్ పిల్లలపై జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనంలో అందరికీ ద్రవం ఎక్కించారు, ఏ ద్రవం మేలన్నదే అక్కడి ప్రశ్న. ఒక మోస్తరు షాక్‌కు ఖరీదైన ద్రవాల బదులు సెలైన్ లాంటి మామూలు లవణ ద్రావణమైన రింగర్ లాక్టేట్ సరిపోతుందని తేలింది.

మెయిట్‌లాండ్ బృందం ఆ తర్వాత ఉగాండా, మలావీలలో తీవ్ర రక్తహీనతతో వచ్చిన పిల్లలకు ఎంత రక్తం ఎక్కించాలో పరీక్షించి 2019లో ఫలితాలు వెల్లడించింది. జ్వరం లేని పిల్లలకు ఎక్కువ రక్తం మేలు చేయగా, జ్వరంతో ఉన్నవారికి అదే మోతాదు చేటు చేసింది.