ఒక్క మ్యాచ్‌తో ఏం తెలుస్తుంది నాన్నా?

సియాటిల్‌లో పెరిగే పిల్లాడికి బేస్‌బాల్ పిచ్చి పట్టడంలో వింతేమీ లేదు. మావాడికి ఆట కన్నా ఆట లెక్కల పిచ్చి ఎక్కువ. నాకేమో ఇప్పటికీ క్రికెట్టే.

ఓ ఆదివారం ఇడ్లీ తింటూ కరెంటు బిల్లు కవరు వెనక 927, 627 అని రాశాడు. 2001లో సియాటిల్ మారినర్స్ చేసిన పరుగులు, ఇచ్చిన పరుగులు. రెండిటికీ వర్గాలు కట్టి, మొదటి వర్గాన్ని రెండిటి మొత్తంతో భాగిస్తే గెలుపుల వాటా 0.686 వచ్చింది. సీజన్‌కి 162 ఆటలు కాబట్టి 111 గెలవాలి. నిజంగా గెలిచింది 116. బేస్‌బాల్ లెక్కల పండితుడు బిల్ జేమ్స్ సూత్రమట. గెలుపోటముల జోలికి పోకుండా, ఉత్త పరుగులతో ఇంత దగ్గరికి రావడం చూసి నేనూ చట్నీ గిన్నె పక్కకు జరిపి కవరు లాక్కున్నాను.

"మరి ఆ ఏడు కప్పు మనదేనా?"

"లేదు నాన్నా. వరల్డ్ సిరీస్, అదే ఫైనల్, దాకా కూడా పోలేదు. న్యూయార్క్ యాంకీస్ మీద అయిదు ఆటల్లో ఒక్కటే గెలిచారు."

116 అంటే 1906 నాటి షికాగో జట్టు కబ్స్ రికార్డుతో సమానం. అంత గొప్ప జట్టూ ఆ సీజన్లో 46 సార్లు ఓడింది. అంకెలు 162 ఆటల మీద నిలకడగా నిజం చెబుతాయి. రేపటి ఒక్క ఆటకైతే మొగ్గు ఎటో చెప్పి ఊరుకుంటాయి. అంతకు మించి చెప్పగలమనే వాళ్ళని నేను నమ్మను, ముఖ్యంగా పందేలు కట్టించే యాప్‌లని.

ఇదంతా నాకు తెలిసిందే, కానీ ఒంటికి పట్టదు. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్ కోసం ఇక్కడ రాత్రంతా మేలుకున్నాను. వరసగా పది గెలిచి చివరిది పోగొట్టుకున్నాం. తెల్లారాక విజయవాడ నుంచి మా బావ ఫోన్ చేసి పిచ్‌ని తిడుతున్నాడు. మావాడు కళ్ళు నులుముకుంటూ వచ్చి, "పదకొండులో పది గెలిచారు కదా, మంచి టీమే!" అన్నాడు. ఆ మాట బావకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. మేం పెరిగింది ఒక్క ఎంసెట్ ర్యాంకుతో మనిషి విలువ తేల్చేసే చోట. మాకు రెండో ఆట ఎక్కడిది?

మొన్న లెక్కల పరీక్షలో మార్కులు తగ్గాయి. "శాంపుల్ చిన్నదమ్మా" అన్నాడు.

"సరే, సీజన్ అయ్యాక చూద్దాం. అందాకా ఫోన్ నా దగ్గరుంటుంది" అంది వాళ్ళమ్మ.