కాలవ గట్టు మీద టూ స్ట్రోక్

టూ స్ట్రోక్ బండికి కొండల కన్నా కోనసీమే కష్టం. ఎత్తుపల్లాలు లేని చోట బండికేం ఇబ్బంది అనేవాళ్లు ధవళేశ్వరం దాటి ఓసారి కాలవ గట్టెక్కి చూడాలి.

నాది పాత వంద సీసీ బండి. కుర్రతనంలో మట్టి రేసుల పిచ్చితో దానికి బటన్ టైర్లు వేయించి, ముందు మడ్‌గార్డు పైకెత్తించాను. దాని మీదే అంతర్వేది వెళ్దామని బయల్దేరితే, మా బావమరిది తన కొత్త ఫోర్ స్ట్రోక్ వేసుకుని వెంట వచ్చాడు. "ఎందుకైనా మంచిది బావా, తాడు కూడా తెచ్చాను" అన్నాడు.

బ్యారేజీ మీద హుషారుగానే పోయింది. బొబ్బర్లంక దాటి ఆత్రేయపురం దారి పట్టాకే అసలు కథ. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్లు పారే కాలవల గట్లే ఇక్కడ చాలాచోట్ల రోడ్లు. సన్న దారి, ముందు గడ్డి ట్రాక్టరు, దాని ముందు గేదెలు. రెండో గేరు దాటే వీల్లేదు. టూ స్ట్రోక్‌లో ఆయిల్ కూడా పెట్రోల్‌తో కలిసి కాలిపోవాలి. ఇలా ఈడ్చుకుంటూ పోతే ఇంజన్‌కి వేడి చాలక, సగం కాలిన ఆయిల్ మసిగా, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుకి పడుతుంది. లొల్ల లాకుల దగ్గరికొచ్చేసరికి రెండు తుమ్ములు తుమ్మి ఆగిపోయింది.

చెట్టు నీడన ప్లగ్ పానా తీశాను. ప్లగ్గు కొస నల్లగా, తడితడిగా ఉంది. వేలికి జిడ్డంటింది. ఉప్పుకాగితంతో రుద్ది, క్యాప్‌కి తగిలించి, హెడ్‌కి ఆనించి కిక్ కొడితే నీలం నిప్పురవ్వ కనబడింది. లాకుల మీద కూర్చున్న పెద్దాయన అప్పటికే దగ్గరికొచ్చి చూస్తున్నారు. "ప్లగ్గుకి కరెంటందించే పాయింట్లు కూడా తుడవండి బాబూ, ఈ చెమ్మకి పాచి పట్టేత్తాయి. మాకూ ఉండేదండి, పాల క్యాన్లు కట్టి తోలేవోణ్ణి. ఆయ్" అన్నారు. తుడిచాను. మొదటి కిక్కుకే అందుకుంది.

మా కుర్రతనంలో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక ఎండిన చేలల్లో ట్రాక్ గీసుకునేవాళ్లం. సగం రేజ్ దాకా నిద్రపోతున్నట్టుండే బండి, ఆ పైన ఒక్కసారిగా ముందుకి దూకేది. ఆ దూకుడు కోసమే వారమంతా రిపేర్లు భరించాం. సైలెన్సర్‌లో మసి పేరుకుంటే విప్పి మంటలో కాల్చేవాళ్లం. చొక్కాల్లోంచి ఆయిల్ పొగ వాసన పోవడం లేదని అమ్మ వాటిని విడిగా ఉతికేది.

పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలవని దాటించిన అక్విడక్టు చూసి, రాజోలు మీదుగా పోయాం. అంతర్వేది ఇసుకలో రోగం తిరగబడింది. మొదటి గేరు, ఫుల్ రేజ్, నడక వేగం. గాలికి చల్లారే ఇంజన్‌కి ఆ గాలే తగలదు. లోపల కిణకిణమని చప్పుడు మొదలవగానే క్లచ్ పట్టేశాను. వేడికి పిస్టన్ బిగుసుకుపోతే వెనక చక్రం కూడా బిగుసుకుపోతుంది, మనిషి ఎగిరిపడతాడు. టెన్షన్‌గా కొబ్బరి చెట్టు కింద ఆపి, హెడ్ చల్లారేదాకా కూర్చున్నాం. దర్శనం ఆలస్యమైంది, అంతే.

ఆయిల్ మరికాస్త కలుపుదామంటే, ఒకప్పుడు పెట్రోలు కొట్టించుకుంటూ పోయించుకునే టూటీ ఆయిల్ దారిలో బంకుల్లో దొరకలేదు. పెట్రోల్‌లో కలుస్తున్న ఇథనాల్ చెమ్మని పీల్చుకుంటుంది, పాత రబ్బరు సీళ్లకి కూడా పడదు. కొత్త కష్టాలివి. సఖినేటిపల్లిలో ఓ మెకానిక్ దగ్గర సీసా దొరికింది.

బళ్లని కూడా ఎక్కించుకునే పంటు మీద వశిష్ఠ పాయ దాటుతుంటే ఓ కుర్రాడు బండి చుట్టూ తిరిగాడు. 1996లో తయారీ ఆగిన యమహా ఆర్‌ఎక్స్ 100కి ఇప్పుడున్న గిరాకీ చూసి, పాత టూ స్ట్రోక్ ఏది కనబడినా బేరమాడేస్తున్నారు. "అమ్ముతారా అండీ?" అన్నాడు.

"లేదండీ" అన్నాను.

"ఎంతిస్తారేంటి?" అన్నాడు వెనక నుంచి మా బావమరిది.