మాధవధార మెట్ల మీద రికర్షన్ పాఠం

మొన్న ఆదివారం మా మేనల్లుడితో కలిసి మాధవధార వైపు నుంచి సింహాచలం కొండ మెట్లు ఎక్కాను. వాడికి ప్రోగ్రామింగ్ ల్యాబ్ పరీక్ష దగ్గర పడింది, దారంతా రికర్షన్ టెన్షనే.

"మావయ్యా, రికర్షన్ అంటే ఫంక్షన్, అదే ప్రోగ్రామ్‌లో ఒక పని చేసే ముక్క, తనని తానే పిలుస్తుందంటే సరే, నాలుగో పిలుపు దాకా వెళ్లేసరికి నాకు బుర్ర తిరిగిపోతోంది."

నాలుగో పిలుపు దాకా నువ్వెందుకు వెళ్లడంరా, అన్నాను. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. అడుగుకి ఒక మెట్టో రెండు మెట్లో ఎక్కొచ్చనుకుంటే, ఐదు మెట్లు ఎన్ని రకాలుగా ఎక్కగలం? వాడు వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. ఆపి, చివరి అడుగొక్కటే చూడమన్నాను. ఐదో మెట్టుకి నాలుగో దాన్నుంచైనా రావాలి, మూడో దాన్నుంచైనా రావాలి, ఇంకో దారి లేదు. కాబట్టి నాలుగింటి జవాబు 5, మూడింటి జవాబు 3, మొత్తం 8. ఆ 5 ఎలా వచ్చిందో అప్పుడు తవ్వకూడదు, వచ్చిందని నమ్మాలి. ఒక మెట్టుకి 1, రెండిటికి 2 అని మాత్రం ముందే రాసిపెట్టాలి, అదే బేస్ కేస్. అది లేకపోతే సున్నా, మైనస్ ఒకటి అంటూ దిగుతూనే ఉంటుంది.

వాడి అసలు అనుమానం వేరే ఉంది. "ఎన్, అంటే మెట్ల సంఖ్య, ఒక్కటే కదా, 4 అయిపోయాక మళ్లీ 5 ఎక్కడి నుంచి వస్తుంది?" ఒక్కటి కాదు! ప్రతి పిలుపుకీ దాని సొంత ఎన్ ఉంటుంది. ఎన్ 5గా ఉన్న పిలుపు స్టాక్‌లో, అంటే పూర్తికాని పిలుపులు ఒకదానిపై ఒకటి పేర్చి ఉండే చోట, తన 5ని పట్టుకుని, ఆగిన లైను దగ్గరే ఎదురుచూస్తుంది, తన పైన వచ్చి చేరిన పిలుపు జవాబిచ్చి తప్పుకోగానే అక్కడి నుంచే పని అందుకుంటుంది. ఈ మాట క్లాసులో మొదటి రోజే గట్టిగా చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

దిగాక టీ కొట్టు దగ్గర వాడు ఈ లెక్కనే ఫోన్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి 40 మెట్లు ఇచ్చాడు, ఎంతకీ జవాబు రాలేదు. చేసిన లెక్కే మళ్లీ చేస్తుంది మరి: 38 మెట్లది రెండుసార్లు, 37ది మూడుసార్లు, 36ది ఐదుసార్లు, అలా మొత్తం పిలుపులు 20 కోట్లు దాటతాయి. వచ్చిన ప్రతి జవాబునీ ఒక డిక్షనరీలో, అంటే ఏ సంఖ్యకి ఏ జవాబో రాసుకునే పట్టికలో, దాచుకోమన్నాను, వెంటనే 16,55,80,141 అని వచ్చింది.

ఉత్సాహంతో 2000 ఇచ్చాడు, రికర్షన్ ఎర్రర్. బేస్ కేస్ సరిగ్గానే ఉంది, కానీ పైథాన్ మామూలుగా పిలుపు మీద పిలుపు పేరుకుని 1000 లోతుకి చేరిన దగ్గర ఆపేస్తుంది. వాడు కాసేపు స్క్రీన్ వంక చూసి, "అయితే కింద నుంచి ఎక్కుతా మావయ్యా" అని 1, 2 దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టు జవాబు వరసగా కట్టుకుంటూ పోయే లూప్ రాసుకున్నాడు.