ఈ క్రైమ్ సిరీస్ ఏడో ఎపిసోడ్‌లో ఎస్సై శవం అంత తొందరగా తేలిందేంటండీ?

చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ఎస్సైని చంపేశారని రాత్రి నుంచి అమలాపురం, రాజోలు గ్రూపులన్నీ ఒకటే గోల. మంచి పాత్ర, ఏడవండి. నా కడుపుమంట వేరు. రాత్రి పదకొండుకి కాలవలోకి తోస్తే తెల్లారేసరికి శవం తేలిపోయిందట! ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండిన శవం ముందు మునుగుతుంది. లోపల కుళ్లి గ్యాసు పట్టాకే పైకొస్తుంది. వేసవి నీళ్లలోనైనా ఒకటి రెండు రోజులు, చలికాలం అంతకంటే చాలా ఎక్కువ. పైగా కథ మే నెలలోనట. మామూలుగా అప్పుడు మన డెల్టా కాలవలు కట్టేసి ఉంటాయి, మనిషి మునిగేంత నీళ్లెక్కడివి?

పోస్టుమార్టం మాత్రం అదరగొట్టారు. ఎముక మజ్జలో డయాటమ్స్, అంటే నీళ్లలో ఉండే సూక్ష్మమైన నాచు, వెతకడం సరైన పనే. చచ్చాక నీళ్లలో పడేస్తే గుండె ఆడదు, రక్తం పారదు, ఆ నాచు మజ్జదాకా చేరదు. కాలవ నీళ్ల శాంపిలు కూడా తీసి పోల్చారు చూడండి, అది లేకపోతే డిఫెన్సు లాయరు చీల్చి చెండాడేస్తాడు.

పిడికిట్లో గుర్రపుడెక్క వేళ్లు బిగుసుకుపోయిన షాటు గమనించారా? నీళ్లలో పడేటప్పటికి ప్రాణం ఉందనడానికి అది గట్టి గుర్తు. అంటే ఇంట్లోనే కొట్టి చంపారన్న ఎస్సై బావమరిది వాంగ్మూలం అబద్ధమేనండోయ్.