నాడి దొరకని చెయ్యి

నాది పుర్రచేతి వాటం. మర్రిగూడ మండలంలో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. మూడేళ్ల కిందట బోర్డు మీద నాలుగు వరుసలు రాసేసరికి ఎడమ చెయ్యి బరువెక్కి జారిపోయేది. కాసేపు ఒళ్లో పెట్టుకుంటే మళ్లీ మామూలే. మా ప్రాంతంలో ఏ నొప్పి వచ్చినా నింద పడేది నీళ్ల మీదే. ఫ్లోరైడ్ వంచేసిన నడుములను చూస్తూ పెరిగాం మరి. నేనూ అదే అనుకుని కాల్షియం మాత్రలు మింగాను. ఫ్లోరైడ్ కీళ్లను బిగించేస్తుంది. నా నొప్పి పనిచేస్తే వచ్చి, ఆపితే పోయేది. ఆ తేడా అప్పుడు తట్టలేదు.

తర్వాత సాయంత్రం పూట సన్నటి జ్వరం. ఆరు కిలోలు తగ్గాను. రక్తహీనత అని ఒకరు, క్షయ కావచ్చని ఇంకొకరు. ఒకచోట ఎడమ చేతికి బీపీ పట్టీ కట్టి, అంకె రాకపోతే మిషన్‌లో బ్యాటరీలు మార్చారు. రెండో చేతికి కట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

చివరికి నల్గొండలో ఒక కుర్ర డాక్టరు మిషన్ జోలికి పోకుండా నా రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. మెడ కింద స్టెతస్కోపు పెట్టి విన్నారు. కుడి చేతికి బీపీ 150, ఎడమ చేతికి 90. "ఎడమ చేతిలో నాడి దొరకడం లేదమ్మా" అన్నారు. పక్కనున్న అమ్మ భోరుమంది. మా ఇళ్లలో ఆ మాట ఆఖరి ఘడియల్లో ఉన్నవాళ్ల గురించే అంటారు.

హైదరాబాద్ నిమ్స్‌లో సీటీ యాంజియోగ్రామ్ తీస్తే, ఎడమ చేతికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని గోడ వాచి, లోపలి దారి ఇరుకైపోయి కనిపించింది. టకయాసు ఆర్టరైటిస్ అన్నారు. ఎక్కువగా 40 ఏళ్లలోపు ఆడవాళ్లకు వస్తుందట. 1908లో దీన్ని వివరించిన జపాన్ వైద్యుడు టకయాసు కళ్ల డాక్టరు. కంటి రక్తనాళాల్లో వింత చూశానని ఆయన చెబితే, అలాంటి రోగులకే మణికట్టు నాడి కూడా అందడం లేదని తోటి డాక్టర్లు ఇద్దరు జతచేశారట. వాళ్లు పట్టుకున్నది అప్పట్లో, ఉత్త వేళ్లతో!

క్షయ లేదని తేల్చుకున్నాకే మందులు మొదలుపెట్టారు. రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, వారానికి ఒక్కరోజే రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్, దానికి తోడు ఫోలిక్ యాసిడ్. మెథోట్రెక్సేట్ పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయమని గట్టిగా చెప్పడంతో క్యాలెండర్‌లో ఆదివారాలన్నింటికీ ఎర్ర సున్నాలు చుట్టాను. అది వాడినంత కాలం గర్భం దాల్చకూడదని కూడా చెప్పారు. స్టెంట్ వేయరా అని అడిగితే, వాపు చల్లారకముందు వేస్తే మళ్లీ మూసుకుపోవచ్చన్నారు.

స్టెరాయిడ్‌తో ముఖం పున్నమి చంద్రుడైంది. "బాగా కోలుకున్నావు" అని చుట్టాలు మెచ్చుకుంటుంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చెల్లెలి పెళ్లి ఫోటోల కోసం చెప్పకుండా నాలుగు రోజులు మాత్రలు మానేశాను. తలంబ్రాల వేళకు కళ్లు తిరిగి, వాంతులై, మండపం వెనక చాప మీద పడుకున్నాను. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందితే ఒంట్లో తయారయ్యేది తగ్గిపోతుందట; అందుకే ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరమ్మ పెట్టిన చీవాట్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇప్పుడు మోతాదు 5 మిల్లీగ్రాములకు దిగింది. ఒంట్లో వాపు జాడ చెప్పే ఈఎస్ఆర్ అనే రక్తపరీక్ష మామూలుగా ఉన్నా గోడలో వాపు సాగవచ్చట, అందుకని స్కానింగులు తప్పవు. ఎడమ నాడి నేటికీ అందదు. చుట్టుపక్కల చిన్న నాళాలు దారి చేసుకున్నాయి కాబట్టి బోర్డు మీద ఏడెనిమిది వరుసలు రాయగలుగుతున్నాను. బీపీ చూసేవాళ్లు పట్టీ తీయగానే కుడి చెయ్యి చాపుతాను. ఎందుకని అడిగితే ఎడమ మణికట్టు వాళ్ల వేళ్ల కింద పెట్టి, వెతకమంటాను.