ఒక్క తెర ఉన్న హాల్లో ఉద్యోగం

బ్రిటన్‌లో సినిమా హాళ్లలో పనిచేసేవాళ్లకి సోమవారం ముఖ్యమైన రోజు. కొత్త సినిమాలు మామూలుగా శుక్రవారం వస్తాయి, ఆదివారం రాత్రికి కలెక్షన్లు తెలిసిపోతాయి. వచ్చే శుక్రవారం నుంచి ఏ సినిమా ఉంచాలి, ఏది తీసేయాలి, దేనికి ఎన్ని ఆటలు ఇవ్వాలి అన్నది సోమవారం తేలుస్తారు. చదువుకునే రోజుల్లో నేను పెద్ద చైన్ మల్టీప్లెక్స్‌లో చేశాను, ఇప్పుడు ఒక్క తెర ఉన్న స్వతంత్ర హాల్లో చేస్తున్నాను. రెండింటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే సీట్ల సంగతో పాప్‌కార్న్ సంగతో చెప్పను. సోమవారం నాడు తేల్చేది ఎవరు అన్నదే నాకు కనిపించిన అసలు తేడా.

చైన్‌లో ఆ షెడ్యూలు హెడ్డాఫీసు నుంచి వచ్చేది. అక్కడి బుకింగ్ విభాగం దేశమంతటి లెక్కలూ ముందు పెట్టుకుని పంపేది. మా మేనేజర్‌కి కూడా అందులో పెద్దగా మాట చెల్లేది కాదు. ఏదో చిన్న సినిమా కోసం బస్సెక్కి వచ్చిన పెద్దావిడ, అప్పుడే తీసేశారా అని అడిగితే మా దగ్గర జవాబుండేది కాదు. స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ గంటల్లోనే ఒకరోజు టికెట్లు, ఒకరోజు స్నాక్స్ కౌంటరు, ఆటకీ ఆటకీ మధ్య చీపురు. ప్రొజెక్షన్ గదిలో మనిషి ఉండేవాడు కాదు. డిజిటల్ వచ్చాక సినిమా సర్వర్‌లోకి ఎక్కుతుంది, టైము కాగానే లైట్లు వాటంతటవే ఆరిపోతాయి, బొమ్మ పడుతుంది. శబ్దం సరిగా రాకపోతే ప్రేక్షకుల్లో ఒకరు లేచి బయటికొచ్చి చెప్పేదాకా మాకు తెలిసేది కాదు.

ఇప్పుడున్న హాల్లో ఆపరేటర్ ఉన్నారు. కొత్త సినిమా వచ్చిన ప్రతిసారీ ఉదయం ఖాళీ హాల్లో కాసేపు వేసి చూస్తారు. ఎత్తుకి 2.39 రెట్లు వెడల్పుండే బొమ్మైతే తెర పక్కనున్న నల్ల గుడ్డలు వెనక్కి జరుపుతారు, 1.85 అయితే దగ్గరికి లాగుతారు. అంచు దగ్గర బూడిద రంగు గీత కనపడితే ఊరుకోరు. తర్వాత వెనక వరసలో కూర్చుని వింటారు. శబ్దం ఎంత ఉండాలో తిప్పి పెట్టే సౌండ్ ప్రాసెసర్ మీద 7 అంకె దగ్గర పెడితే, సినిమా మిక్సింగ్ చేసినవాళ్లు విన్న స్థాయిలోనే మనకూ వినపడాలి. ఎప్పుడో ఎవరో చెవులు పగిలిపోతున్నాయన్నారని చాలా హాళ్లలో అది 5కో ఇంకా కిందికో దిగి, ఇక అక్కడే ఉండిపోతుంది. అప్పుడు మెల్లగా మాట్లాడుకునే సినిమాలో సగం మాటలు వినపడవు. నిండిన హాల్లో మనుషులే కొంత శబ్దాన్ని పీల్చేసుకుంటారు కాబట్టి టికెట్లు బాగా తెగిన ఆటకి ఆయన కొద్దిగా పెంచుతారు. ఈ పని ఎవరి కంటా పడదు. నాకు మాత్రం ఈ హాలు మీద గౌరవం కలిగింది దీనివల్లే.

అలాగని ఇక్కడ అంతా మన ఇష్టప్రకారం జరగదు. టికెట్ డబ్బులో డిస్ట్రిబ్యూటర్‌కి వాటా పోతుంది, మొదటి వారాల్లో ఆ వాటా ఎక్కువ. పేరున్న సినిమా కావాలంటే ఇన్ని వారాలు వేయాలి, ఆటలన్నీ దానికే ఇవ్వాలి అని షరతు పెడతారు. పన్నెండు తెరలున్న చైన్‌కి అది ఇబ్బంది కాదు, జనం తగ్గగానే చిన్న స్క్రీన్‌కి మారుస్తారు. ఒక్క తెర ఉన్నచోట ఒప్పుకుంటే మిగతా సినిమాలకి తలుపు మూసినట్టే. ఒప్పుకోకపోతే ఊళ్లో అందరూ మాట్లాడుకునే సినిమా మన దగ్గర ఉండదు. లీడ్స్‌లోని హైడ్ పార్క్ పిక్చర్ హౌస్ 1914లో మొదలైంది, గ్యాస్ దీపాలు ఇప్పటికీ ఉన్న హాలు. బాగుచేసి 2023లో మళ్లీ తెరిచినప్పుడు కింద నేలమాళిగలో రెండో తెర పెట్టారు. రెండో తెర ఎంత అవసరమో ఒక్క తెర నడిపేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

తెలుగు సినిమా విషయంలో చైన్లకి ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వాలి. ఇక్కడ మన సినిమాలు విడుదల రోజునే చూడగలుగుతున్నామంటే సినీవరల్డ్ లాంటి చైన్ల వల్లే. ముందస్తు బుకింగులు కనపడితే వాళ్లు ఒక స్క్రీన్ ఇస్తారు, భాష ఏదని చూడరు. మా హాల్లో కూడా ఒక తెలుగు సినిమా వేద్దామని మా ప్రోగ్రామర్‌ని, అంటే ఏ సినిమా వేయాలో తేల్చే ఆవిడని, అడిగాను. నిడివి ఎంత అని ఆవిడ మొదట అడిగారు. మూడు గంటల సినిమా వేస్తే సాయంత్రం రెండు ఆటలు పడే చోట ఒక్కటే పడుతుంది. ఇంటికెళ్లి చూసి వచ్చి, ఆదివారం పొద్దున ఒక ఆట అడుగుతానన్నారు. విడుదలైన కొన్ని వారాలకి డిస్ట్రిబ్యూటర్ ఒప్పుకున్నారు. చైన్‌లో తెలుగు ఆటకి తెలుగువాళ్లే కనపడేవారు. ఇక్కడ వచ్చినవాళ్లలో చాలామంది జీవితంలో తెలుగు మాట వినని ఇంగ్లీషువాళ్లు. వాళ్లకి హీరో ఎవరో తెలియదు. ఆవిడ వేసిందంటే చూడదగ్గదే అయ్యుంటుందని వచ్చారు. ఇంత నమ్మకం ఏ హెడ్డాఫీసు షెడ్యూలుకీ దొరకదు.

ఆ నమ్మకమే డబ్బు రూపంలోనూ హాలుని నిలబెడుతుంది. బ్రిటన్‌లో చాలా స్వతంత్ర హాళ్లు చారిటీలు. టికెట్లతో పాటు సభ్యత్వాలు, విరాళాలు, లాటరీ నిధుల గ్రాంట్లు, వాలంటీర్ల శ్రమ, అన్నీ కలిస్తేనే బండి నడుస్తుంది. కష్టం వస్తే ఆదుకునే దన్ను మాత్రం తక్కువ. సినీవరల్డ్ 2022 సెప్టెంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరింది, అయినా ఎక్కువ హాళ్లు ఆటలు వేస్తూనే ఉన్నాయి, 2023లో అందులోంచి బయటపడింది. సినీవరల్డ్ దివాలా రక్షణ కోరిన మరుసటి నెలలోనే, 2022 అక్టోబరులో, ఎడిన్‌బరోలోని ఫిల్మ్‌హౌస్‌ని నడిపే చారిటీ చేతులెత్తేసింది. తలుపులు అప్పటికప్పుడు మూతపడ్డాయి, సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. భవనం అమ్మకానికొచ్చింది. తర్వాత ప్రజలు చందాలు వేసుకున్నారు, ప్రభుత్వ నిధులూ తోడయ్యాయి, 2025 జూన్‌లో హాలు మళ్లీ తెరుచుకుంది. ఆ ప్రయత్నాన్ని ముందుండి నడిపింది అంతకుముందు అక్కడ పనిచేసినవాళ్లే.