గ్రీకు లంకల్లో సరంగు మాట

మా అక్క ద్వీపం అనదు. తెలుగు టీచరుగా రిటైరైన మనిషికి ఆ మాట రాక కాదు. కోనసీమలో పుట్టినవాళ్ళకి చుట్టూ నీళ్ళున్న నేల ఏదైనా లంకే. 2025 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఫోన్ నా ముందు పెట్టి, "ఏమే, ఈ లంకకి ఎప్పుడు తీసుకెళ్తావ్?" అంది. తెల్ల గోడలు, నీలం గుమ్మటాలు, కింద సముద్రం. సాంతోరిని. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫోటో, రెండేళ్ళుగా ఆవిడ ఫోన్ తెర మీద అదే ఉందట.

అరిసెలు తింటున్న నోటితో "ఈ ఏడే" అనేశాను. నాకు ఎక్సెల్ పిచ్చి ఉంది. హైదరాబాద్ తిరిగొచ్చిన మర్నాడే ఒక షీట్ తెరిచాను.

మొదట పెద్ద ఓడలు చూశాను. మూడు, నాలుగు వేల మందిని మోసేవి, లోపల ఈతకొలను, సినిమా హాలు ఉన్నవి. ధరలు కూడా తక్కువే కనిపించాయి. కానీ వాటి కార్యక్రమం చదివితే సంగతి తెలిసింది. పొద్దున్న సముద్రం మధ్యలో లంగరేస్తారు, చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు, సాయంత్రం వెనక్కి రమ్మంటారు. అన్ని ఓడలూ అవే రెండు మూడు ద్వీపాలకి ఒకేసారి చేరతాయి. సాంతోరినిలో ఆ తాకిడి తట్టుకోలేకే 2025 నుంచి ఓడల్లో వచ్చేవాళ్ళు రోజుకి 8,000 మందికి మించకూడదని పరిమితి పెట్టారు. పాత రేవు నుంచి పైన ఉన్న ఊరికి 588 మెట్లు, లేదంటే గాడిద, లేదంటే కేబుల్ కారు క్యూ. అక్క మోకాళ్ళు తలచుకుని ఆ వరుస మొత్తం ఎర్రరంగు కొట్టాను.

చిన్న ఓడల లెక్క వేరు. పాతిక, ముప్పై గదులు, యాభై మంది మనుషులు. ఇవి ఊళ్ళో రేవుకే వచ్చి ఆగుతాయి. పగలు నాలుగైదు గంటలు ప్రయాణం, మధ్యలో ఒడ్డు లోపలికి వంగిన ఏదో చోట ఆపి ఈతకి దింపడం, చాలా రాత్రులు రేవులోనే. ఓడలో రెండు పూటలే భోజనం పెడతారు, మూడోది ఊళ్ళో మన ఇష్టం. ఇది ఖర్చు మిగుల్చుకునే ఎత్తేమో అని మొదట అనుమానపడ్డాను కానీ, వెళ్ళాక ఆ మూడో పూటే ఎక్కువ గుర్తుండిపోయింది.

ఫోటోలు పంపితే అక్క అంది: "పాపికొండల లాంచీకి పెద్దన్నయ్యలా ఉంది. లైఫ్ జాకెట్లు ఉంటాయా?" 2019లో కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత ఆవిడ లాంచీ ఎక్కలేదు. కంపెనీకి నేను రాసిన మొదటి ప్రశ్న అదే. రెండోది లిఫ్ట్ ఉందా అని. ఉండదు, చిన్న ఓడల్లో చాలావాటికి నిటారు మెట్లే అని జవాబొచ్చింది. ఈ మాట బ్రోషర్లలో పెద్ద అక్షరాలతో వెయ్యరు. ఎక్కువమంది కిటికీ పెద్దదిగా ఉన్న పైఅంతస్తు గది అడుగుతారు. ఓడ ఊగితే పైనే ఎక్కువ ఊగుతుంది. కింద అంతస్తులో, మధ్యలో ఉన్న గదిలో కుదుపు తక్కువ, ధరా తక్కువ. కాకపోతే అద్దం తెరుచుకోదు, ఇంజను చప్పుడు వినిపిస్తుంది. మేము కిందదే తీసుకున్నాం.

ఫిబ్రవరిలో టీవీలో సాంతోరిని కనిపించింది. వరసగా భూకంపాలు, వేలమంది ద్వీపం విడిచి వెళ్తున్న దృశ్యాలు. అక్క ఆ పూటే ఫోన్ చేసి, "అగ్నిపర్వతం నోట్లో ఊరు కట్టుకుంటే ఇంకేమవుతుందే" అంది. నిజమే. మూడున్నర వేల ఏళ్ళ కిందట ఆ అగ్నిపర్వతం పేలి నడుమ భాగం సముద్రంలోకి కుంగితే, మిగిలిన అంచే ఇప్పటి సాంతోరిని. మార్చిలో ప్రకంపనలు సద్దుమణిగాయని చూసుకుని అడ్వాన్స్ కట్టాను. అక్క ఆ లోపల మంగళగిరి వెళ్ళి నీలం అంచు తెల్ల చీర కొనుక్కొచ్చింది. గుమ్మటాల ముందు ఫోటోకి.

ఇక నెల సంగతి. జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి ఒక గాలి వీస్తుంది, మెల్తెమి అంటారు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, గాలి మాత్రం బల్లలు పడేస్తుంది. బాల్కన్ దేశాల మీద అధికపీడనం, టర్కీ వైపు అల్పపీడనం, ఆ రెంటి మధ్య ఒత్తుకుంటూ వచ్చే గాలి ఇది. ఆ అల్పపీడనం ఎక్కణ్ణుంచి వచ్చిందో చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన నైరుతి ఋతుపవనాలని లాక్కొచ్చే అల్పపీడన ప్రాంతమే పాకిస్తాన్, ఇరాన్ మీదుగా టర్కీ దాకా చేయి చాస్తుందట. అంటే కోనసీమలో నాట్లకి వాన కురిసే రోజుల్లో అక్కడ ఓడలు రేవుల్లో కట్టుబడి ఉంటాయన్నమాట. సెప్టెంబరు మధ్యకి గాలి నెమ్మదిస్తుంది, సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఆ నెలే ఖాయం చేశాను.

వీసా గురించి ఒక్క మాటే. షెంగెన్ వీసాకి (గ్రీసుతో సహా చాలా ఐరోపా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) ప్రతి రాత్రి ఎక్కడ పడుకుంటారో చూపించాలి. కౌంటర్లో అమ్మాయి "ఈ ఏడు రాత్రులకి హోటల్ ఏదండీ?" అంది. "ఓడ" అన్నాను. గది నంబరు, రేవుల పేర్లు, తేదీలు ఉన్న లెటర్ కంపెనీ నుంచి ముందే తెప్పించి పెట్టుకోబట్టి బతికాం. ఫీజు 90 యూరోలు, ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకుండా ఉండాలి. అప్పటికి యూరో వంద రూపాయలు దాటేసింది.

టికెట్లు బుక్ చేసిన ఏజెంటు, ఓడ బయల్దేరే రోజు పొద్దున్నే ఏథెన్స్‌లో దిగేలా పెట్టాడు. "మూడు గంటల టైం ఉంది మేడమ్, చాలు." నేను ఒప్పుకోలేదు. దోహాలో విమానం తప్పిందంటే ఓడ మన కోసం ఆగదు. ముందు రెండు రాత్రులు, తర్వాత రెండు రాత్రులు ఏథెన్స్‌లో ఉంచమని పట్టుబట్టి మార్పించాను. అదొక్కటే నా షీట్‌లో నిలిచిన నిర్ణయం. మిగతాదంతా, పదిన్నరకి ఇక్కడ, పన్నెండుంబావుకి అక్కడ అని వేసుకున్న గళ్ళన్నీ నీటి మీద రాతలే.

విమానాశ్రయం నుంచి పిరేయస్ రేవుకి ఇప్పుడు మెట్రో నేరుగా వెళ్తుంది, గంట ప్రయాణం, 9 యూరోలు. పెట్టెలు మోసుకుంటూ రైళ్ళు మారనక్కర్లేదు. శుక్రవారం మధ్యాహ్నం ఓడ ఎక్కగానే అందర్నీ డెక్ మీదకి పిలిచి లైఫ్ జాకెట్లు తొడిగించారు. అక్క తనది విప్పి, మళ్ళీ తొడుక్కుని, ఈల ఊది చూసింది. పక్కనున్న జర్మన్ ముసలాయన చప్పట్లు కొట్టాడు.

కెప్టెన్‌కి యాభై దాటి ఉంటాయి, చేతుల నిండా నల్లబడ్డ మచ్చలు. అక్క ఆయన్ని మొదటి నిమిషం నుంచే సరంగు అంది. సాయంత్రం కిథ్నోస్ చేరాం. అక్కడ రేవు కట్టే పద్ధతి చూడాలి. ఓడ ముక్కు సముద్రం వైపు తిప్పి లంగరు వదిలారు. గొలుసు గడగడమంటూ దిగింది. తర్వాత ఓడ వెనక్కి వెనక్కి జరుగుతూ తోకని గట్టుకి ఆనించింది. ఇద్దరు కుర్రాళ్ళు మోకులు విసిరారు, గట్టు మీది మనిషి ఇనప గుంజకి రెండు చుట్లు చుట్టాడు, సన్నటి చెక్క వంతెన వేశారు. ఎక్కడా తగల్లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు కట్టడం చూస్తూ పెరిగిన మనిషి కదా, అక్క గట్టు మీదనుంచే "భేష్" అంది. ఆయనకి అర్థమయింది.

మర్నాడు పొద్దున్న లూత్రా అనే చోటుకి వెళ్ళాం. అక్కడ వేడినీటి ఊట సముద్రంలో కలిసే దగ్గర రాళ్ళు పేర్చి మడుగులా చేశారు. అక్క మోకాళ్ళ దాకా చీర ఎత్తి కట్టుకుని గంటసేపు కదల్లేదు. నా షీట్‌లో దానికి ఇరవై నిమిషాలే ఉంది.

శనివారం రాత్రికి సిరోస్ చేరేసరికి గాలి లేచింది. సెప్టెంబరులో రాదనుకున్న మెల్తెమి. ఆ చివరి గంటలో గదిలో గ్లాసు ఈ గోడ నుంచి ఆ గోడకి దొర్లింది. అవోమిన్ వేసుకున్నా నాకు లాభం లేకపోయింది. పక్క మంచం మీద అక్క హాయిగా గురక పెట్టింది. ఆదివారం పొద్దున్న టిఫిన్ దగ్గర కెప్టెన్ వచ్చి, ఈ రోజు కదలం అన్నాడు. గాలి ఒక స్థాయి దాటితే రేవు అధికారులే ఓడల్ని ఆపేస్తారు. చిన్నవాటికి ఆ స్థాయి తక్కువ, పెద్ద ఫెర్రీలకి ఎక్కువ. "మరి సాంతోరిని?" అని అడిగాను. ఆయన భుజాలెగరేసి దక్షిణం వైపు చూపించాడు. మూడు రోజుల లెక్క తారుమారైంది, సాంతోరిని కొట్టేశారు. డబ్బు తిరిగి రాదు. వాతావరణాన్ని బట్టి దారి మార్చే హక్కు కెప్టెన్‌దే అని ఒప్పందంలో ఉంది, మార్చిలో నేనే సంతకం పెట్టాను.

అక్క ముఖం చూడలేక టీ కప్పులోకి చూశాను. ఆవిడ మాత్రం, "సరంగు వద్దంటే వద్దంతే. ఊళ్ళోకి పద" అంది.

సిరోస్ రాజధాని ఎర్ముపొలి. 1820ల్లో, టర్కీ సుల్తాన్ల మీద గ్రీకుల స్వాతంత్ర్య యుద్ధం జరుగుతున్నప్పుడు, కియోస్ లాంటి ద్వీపాల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. శరణార్థులు కట్టిన ఊరంటే నమ్మబుద్ధి కాదు, వీధులకి పాలరాయి పరిచారు. జోరు గాలిలో ఆ నున్నటి రాయి మీద మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నడిచాం. రెండు కొండలు, ఒక కొండ మీద కేథలిక్కులు, ఇంకో కొండ మీద ఆర్థడాక్స్ వాళ్ళు. పెద్ద ఓడల వాళ్ళు ఇక్కడికి అంతగా రారు. హోటళ్ళలో కూర్చున్నవాళ్ళు ఎక్కువగా ఊరివాళ్ళే.

శాకాహారులకి నేను నేర్చుకున్న ఒక మాట చెప్తాను: నిస్తీసిమా. ఉపవాసపు తిండి అని. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఏడాదిలో చాలా రోజులు మాంసం, గుడ్డు, పాలు ముట్టరు. "వెజిటేరియన్" అంటే చేప తెచ్చిపెట్టినవాళ్ళు కూడా ఈ మాట అనగానే తల ఊపి పెద్ద చిక్కుడు గింజల కూర, అన్నం కూరిన టమాటాలు తెచ్చారు. ఇంకో గిన్నెలో పసుప్పచ్చటి ముద్ద, పైన ఉల్లిపాయ ముక్కలు, ఆలివ్ నూనె. ఫావా అంటారు. అక్క వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. "ముద్దపప్పే. నెయ్యి మర్చిపోయారు." ఆ పప్పు సాంతోరినిలో పండేదని, మన కేసరిపప్పుకి దగ్గరి చుట్టమని చెప్పాను. "మనం వెళ్ళకపోతే అదే వచ్చిందిలే" అంది.

సోమవారం గాలి కొంచెం తగ్గింది. మా ఓడకి ఇంకా అనుమతి రాలేదు గానీ పెద్ద ఫెర్రీలు తిరుగుతున్నాయి. టీనోస్ అరగంట పైచిలుకు దూరం. గదిలోంచి అక్క నీలం అంచు తెల్ల చీరతో బయటికొచ్చింది. "కట్టుకోవాల్సిన రోజు ఈవేళే కదా." నిజమే, షీట్ ప్రకారం సోమవారం సాంతోరిని. కొంగుకి ఐదు పిన్నులు పెట్టుకుంది, ఫెర్రీ డెక్ మీద రెండు ఊడిపోయాయి.

టీనోస్ గ్రీకులకి పెద్ద పుణ్యక్షేత్రం. 1823లో భూమిలో దొరికిన మేరీమాత చిత్రపటం అక్కడి గుళ్ళో ఉంది, ఆగస్టు 15న పెద్ద జాతర. రేవు నుంచి గుడి దాకా నేరుగా ఎత్తు వీధి, దాని ఓరన పొడవునా ఒక తివాచీ పట్టీ. ఎందుకో నాకు తట్టలేదు. అంతలో అక్క వయసే ఉన్న ఒకావిడ ఆ పట్టీ మీద మోకాళ్ళతో పాకుతూ వచ్చింది. చేతులకి గుడ్డలు చుట్టుకుంది. పక్కన కొడుకు కాబోలు, నీళ్ళ సీసా పట్టుకుని ఆవిడ వేగంతోనే నడుస్తున్నాడు. మా పక్కనుంచే కార్లు పోతున్నాయి, ఆవిడ తలెత్తలేదు.

"మోకాళ్ళ పర్వతం" అంది అక్క మెల్లగా. తిరుమల నడకదారిలో ఆ మెట్లు ఆవిడ ఇరవై రెండో ఏట మోకాళ్ళ మీద ఎక్కింది, ఎందుకో మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

వీధికి రెండు పక్కలా కొట్లలో మనిషెత్తు కొవ్వొత్తులు, చిన్న చిన్న రేకులు. రేకు మీద కన్ను, చెయ్యి, పసిబిడ్డ, ఓడ, ఏ మొక్కుకి ఆ బొమ్మ. తామా అంటారట. అక్క కాలు బొమ్మ ఉన్నది ఒకటి ఏరుకుంది, బేరం ఆడబోయి నా చూపు చూసి ఆగింది. గుళ్ళో దీపాల కింద అలాంటివి గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి, వెండి ఓడలతో సహా. "హుండీ ఎక్కడే?" అని నన్ను అడుగుతూనే, ముందున్నవాళ్ళని చూసి వాళ్ళలాగే చేసేసింది. మెట్ల మీద నిలబెట్టి ఫోటో తీశాను. వెనక తెల్ల గోడ ఉంది గానీ నీలం గుమ్మటం లేదు. కొంగు మొత్తం ముఖం మీదకి ఎగిరి పడింది.

మంగళవారం సముద్రం నూనె పోసినట్టుంది. డీలోస్‌లో దిగాం. గ్రీకు దేవుడు అపోలో పుట్టిన చోటని పూజించిన ద్వీపం, ఇప్పుడు ఊరు లేదు, రాత్రి ఉండనివ్వరు. రాతి సింహాలు, విరిగిన స్తంభాలు, బల్లులు. క్రీస్తుపూర్వం 426లో ఏథెన్స్ వాళ్ళు ఇక్కడి సమాధులన్నీ తవ్వించి తీసేసి, ఇకమీదట ఈ నేల మీద ఎవరూ పుట్టకూడదు, చావకూడదు అని శాసించారట. నెలలు నిండినవాళ్ళని, పోయేలా ఉన్నవాళ్ళని ఎదురుగా ఉన్న రెనియా ద్వీపానికి పడవలో దాటించేవాళ్ళు. గైడ్ చెప్పింది నేను తెలుగులో చెప్తే అక్క చాలాసేపు ఆ నీటిపాయ వైపు చూసింది. "నొప్పులొస్తుంటే పడవెక్కించడం" అంది. "మన లంకల్లో ఆస్పత్రికి అలాగే వెళ్ళేవాళ్ళు. ఇక్కడ దేవుడి కోసమా!"

మికొనోస్, పారోస్ బాగానే ఉన్నాయి. మికొనోస్‌లో కాఫీ ధర అక్కకి చెప్పలేదు.

శుక్రవారం పొద్దున్న పిరేయస్‌లో బిల్లు ఇచ్చారు. 2025 వేసవి నుంచి ఓడల్లో వచ్చేవాళ్ళకి గ్రీసు రేవు పన్ను వేస్తోంది. సీజన్‌లో మికొనోస్, సాంతోరినిలకి మనిషికి 20 యూరోలు, మిగతా చోట్ల అంతకంటే బాగా తక్కువ. మా కాగితం మీద సాంతోరిని వరుసని పెన్నుతో అడ్డంగా కొట్టేసి ఉంది. ఇద్దరికీ కలిపి 40 తగ్గింది. అక్క కళ్ళజోడు పెట్టుకుని ఆ గీత మీద వేలు పెట్టి చదివింది.

"ఆ సిరోస్‌లో కొన్నాం చూడు, గులాబీ వాసనొచ్చే జిగురు మిఠాయి. ఈ డబ్బుకి ఎన్ని డబ్బాలొస్తాయి?"

లౌకూమి. ఏథెన్స్‌లో కూడా దొరుకుతుందన్నాను. ఇంకా రెండు రోజులు ఖాళీ ఉంది కదా, పెట్టెలు హోటల్లో పడేసి అది వెతకడానికే బయల్దేరాం.